మోచేతి కొలత

"మీ లైను మొత్తం మేమే కొంటున్నాం కదా మేస్త్రిగారూ, మరి ఈ కొత్త మిషన్ ఎక్కడ పెట్టుకుంటారు?" అని, టీలో చక్కెర సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అడిగేశాడు ప్యాకింగ్ మిషన్ల షోరూములో సేల్సాయన. ఏ లైను అన్నాడు మేస్త్రి. గ్లాసుల ప్యాకింగ్ లైనే, పోయినవారం మీ సారే వచ్చి బేరం కుదుర్చుకుని వెళ్లారుగా, కన్వేయరు, టన్నెల్, బల్లలు అన్నీ కలిపి, నెలాఖరుకి షెడ్డు కూడా ఖాళీ చేసి ఇచ్చేస్తున్నారటగా, లారీ మేమే పంపుతున్నాం, అని చెప్పుకుంటూ పోయి పోయి, ఎదుటి మనిషి మొహం చూసి టక్కున ఆగి, నాలిక కరుచుకుని, "నాకు సరిగ్గా తెలీదనుకోండి... టన్నెల్ వేడెక్కడానికి కాస్త టైము పడుతుంది, మీరు కూర్చోండి" అని వెనక గదిలోకి జారుకున్నాడు. మేస్త్రి కూర్చున్నాడు. ఒళ్లో అట్టపెట్టె, అందులో ట్రయల్ కోసం షెడ్డు నుంచి మోసుకొచ్చిన గాజు గ్లాసులు. కుర్చీలో కాస్త కదిలినప్పుడల్లా అవి ఒకదానికొకటి తగిలి సన్నగా చప్పుడు చేస్తుంటే పెట్టెని రెండు చేతులా పొట్టకి అదుముకున్నాడు, ఎవరైనా వింటారేమోనని. ఎవరు వింటారు, గదిలో మిషన్లు తప్ప ఎవరున్నారని.

మిషన్లకేం, నిక్షేపంగా ఉన్నాయి. గోడవార వరసగా, రంగు పోకుండా, మీద ఒక్క గీత లేకుండా. ఈ చివరది తనంతట తానే ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టి, కోసి, అతికించి, అది వేడికి ముడుచుకుని బిగుసుకునే టన్నెల్లోకి తోసేస్తుందట, మనిషి పక్కన నిలబడి చూస్తుంటే చాలట. నడిమిది పెద్ద మూత ఉన్నది, ఒక్కసారి మూత దించితే అతుకూ పడుతుంది, ముడుచుకోవడమూ అయిపోతుంది. ఆ చివరది కాలితో తొక్కే పెడల్ ఉన్న సీలరు, అంటే అతుకు వేసేది, దాని వెనకే చిన్న టన్నెల్, పెడల్ ఎడమ వైపు. ఎడమ వైపు పెడల్ అనగానే, ఇందాక, ఆ మాట వినకముందు, ఎంత సంబరపడిపోయాడు! వంగి చూశాడు, చేత్తో నొక్కి చూశాడు, స్ప్రింగు మెత్తగా ఉందా అని, వైరు తెగితే ఎవరైనా మార్చగలరా అని, పొగ ఎటు పోతుందని, పెళ్లిచూపులకి వెళ్లిన మేనమామలా అడగని ప్రశ్న లేదు. ఆ సేల్సాయన ఒక్కోదానికీ జవాబు చెబుతూనే ఏదోలా చూశాడు, అప్పుడు తెలీలేదు ఆ చూపేమిటో. ఇల్లు అమ్మేసుకున్నవాడు వచ్చి గుమ్మానికి ఏ రంగు వేద్దామని అడుగుతుంటే ఎవరైనా అలాగే చూస్తారు.

ఏది చెబితే అదే. మేస్త్రి వెళ్లి చూసొచ్చి ఏది చెబితే అదే కొందాం, అన్నాడు సారు, లైను ఆపించి మరీ, అందర్నీ బల్లల దగ్గరికి పిలిచి, భుజం మీద చెయ్యి వేసి. చీపురు కొనాలన్నా సారు తలూపాలి ఆ షెడ్డులో. ఫ్యాను రెక్క విరిగితే కొత్తది వచ్చేసరికి ఎండాకాలం వెళ్లిపోయింది. అలాంటిది మిషన్ నువ్వే చూసి రా అంటే అనుమానం రాలేదేం, రాలేదేం నీకు, అని మేస్త్రి తనని తానే నిలదీసుకున్నాడు. ఎందుకొస్తుంది, భుజం మీద చెయ్యి పడేసరికి ఒళ్లు ఉబ్బిపోయింది కదా. ఇంటికెళ్లి పెళ్లాంతో మూడుసార్లు చెప్పుకున్నాడు, ఆవిడ చొక్కా ఇస్త్రీ చేసిస్తూ, మిషన్ ఫ్యాక్టరీ అల్లుడు బయల్దేరాడమ్మా, అని పిల్లల ముందు ఆటపట్టించింది కూడా. ఇప్పుడు ఆ ఇస్త్రీ చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. చివరి ఆర్డరు, అదీ సంగతి. షెడ్డు నిండా గ్లాసులున్నాయి, అవన్నీ ప్యాకై వెళ్లిపోవాలి, ఈలోగా ఒక్కళ్లు కూడా కదలకూడదు, మూసేస్తున్నామని తెలిస్తే సగం మంది మర్నాడే వేరే గేటు దగ్గర నిలబడతారు. అందుకని కొత్త మిషన్ వస్తోందని చెప్పాలి, నమ్మేలా చెప్పాలి, నమ్మించడానికి ఒకణ్ణి పంపాలి. ఎవణ్ణి పంపితే అందరూ నమ్ముతారు? అబద్ధం ఆడడం చేతకానివాణ్ణి. వెదికి వెదికి పట్టుకున్నాడు మహానుభావుడు.

జేబులో ఫిల్మ్ ముక్క తగిలింది చేతికి. తీసి చూడబుద్ధి కాలేదు, వేళ్లతోనే తడుముకున్నాడు, లైన్లో పనిచేసే ఆడవాళ్ల మోచేతి కొలతలు, ఇది నిచ్చెన ముడి, ఇది బుడ్డి ముడి, ఈ రెండు ముళ్లు పక్కపక్కన ఉన్నది వదినది. నిన్న మధ్యాహ్నం క్యారేజీలు తిన్నాక కొలతలు తీశారు, ఎంత నవ్వారో ఆ కాసేపు, ఏడాదంతా నవ్వింది అంతే ఉంటుంది. బల్ల ఎత్తు మోచెయ్యికి సరిగ్గా ఉండాలి, లేకపోతే భుజం పడిపోతుంది, పాత మిషన్ దగ్గర భుజం పడిపోని ఆడది లేదు. ఎవరి మోచెయ్యి ఎంత ఎత్తో కొలుచుకుని పట్టుకెళ్లు, చూసొచ్చానంటే కాదు, పెట్టి చూడు, అంది వదిన. కొలిచే టేపు సారు గదిలో ఉంది, గదికి తాళం. అయితే ఏమైందట, అని వదినే ఫిల్మ్ చుట్ట మీంచి పొడుగ్గా ఓ ముక్క చీల్చి, ఒక కొస కాలికింద తొక్కిపెట్టి, రెండోది మోచేతి దాకా లాగి, అక్కడ ముడి వేయించింది. తర్వాత అందరికంటే పొడుగ్గా ఉండే నిచ్చెన, ఆ తర్వాత బుడ్డి. బుడ్డి మునివేళ్ల మీద లేచి నిలబడితే, దించవే మడమలు, రోజంతా అలాగే నిలబడతావా, అని నిచ్చెన దాని నెత్తిమీద ఒక్కటిచ్చింది. రెండు ముళ్లు వేసి నాది గుర్తుపెట్టుకో మరిదీ, అంది వదిన, వీళ్లందరిలో కలిపేస్తావు నన్ను. కలపను వదినా, అన్నాడు.

అన్నయ్య ఉంటే ఏం చేసేవాడు. ఈ మాట అనుకోవడం మొదలెడితే ఎటూ తేలదని తెలిసి కూడా అనుకున్నాడు. తనని ఈ షెడ్డులోకి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది అన్నయ్యే, టన్నెల్ నోటి దగ్గర నిలబెట్టి, వేడి చేత్తో చూడకు, మొహంతో చూడు, బుగ్గ చురుక్కుమంటే ఎక్కువైనట్టు, అని చెప్పినవాడు. అన్నయ్య పోయాక కర్మలన్నీ అయ్యీ అవకుండానే వదిన వచ్చి నిలబడింది గేటు దగ్గర, ఆయన జాగాలో నన్ను పెట్టుకోండి అని. పెట్టుకున్నారు, టన్నెల్ దగ్గర కాదు, సీలరు దగ్గర. కుడి మోకాలు అప్పటికే అరిగిపోయి ఉంది ఆవిడకి, పెడల్ ఏమో కుడివైపు. ఇన్నేళ్లూ అడ్డంగా తిరిగి నిలబడి ఎడంకాలితో తొక్కింది, నడుం పక్కకి వంగిపోయి, నడిచేటప్పుడు కూడా ఆ వంకర పోలేదు. వెనకనుంచి చూస్తే ఎవరో పిలుస్తుంటే తిరిగి చూడబోతున్నట్టు ఉంటుంది వదిన నడక. అది కూడా తనకిప్పుడే తట్టింది, ఈ ప్లాస్టిక్ కుర్చీలో, ఎవరూ పిలవలేదు పాపం ఆవిణ్ణి ఎప్పుడూ.

కాదు, పిలిచారు. నిన్ననే పిలిచారు, అదే కదా ఇప్పుడు గుండెల్లో గునపం దిగినట్టు ఉన్నది. ఎదురు వీధి బిస్కెట్ల ఫ్యాక్టరీ సూపర్వైజరు వచ్చి అడిగాడు, మా ప్యాకింగులో ఒక మనిషి కావాలి, కూర్చుని చేసే పని, నీ పనితనం తెలిసినవాళ్లు చెప్పారు, వస్తావా అని. ఆ ఫ్యాక్టరీ ఈ వయసు ఆడవాళ్లని గేటు దాటనివ్వదు, అలాంటిది వాళ్లే వచ్చి అడిగారంటే ఎంత అదృష్టం. రేపు మధ్యాహ్నం మళ్లీ వస్తాను, అవునో కాదో చెప్పు, అన్నాడట. ఆ రేపే ఈవేళ. వదిన నిన్న రాత్రి ఇంటికొచ్చి గడపలోనే నిలబడి, "ఏం చెయ్యమంటావు మరిదీ? ఇక్కడ అలవాటైన చోటు, మనవాళ్లున్నారు. మోకాలొక్కటే బాధ. ఆ పెడల్ ఎడమ వైపు ఉన్న మిషన్ వస్తే నేను ఇంకెక్కడికీ పోను," అంది. నేను చూసొచ్చి చెబుతా, తొందరపడకు, అన్నాడు తను. ఎంత పెద్దరికంగా అన్నాడో. తొందరపడకు!

అయితే చెయ్యి ఫోను. ఇప్పుడే చెయ్యి. అవతలి జేబులోనే ఉంది, తీశాడు కూడా, ఫోను అద్దం మీద తన మొహం తనకే కనిపించి మళ్లీ దించేశాడు. ఫోను చేస్తే వదిన తీయదు, బుడ్డి తీస్తుంది, దాని ఫోనొక్కటే బల్లమీద ఉంటుంది, తీసి స్పీకరు పెడుతుంది, ఒక్కళ్లు మాట్లాడితే అందరూ వినాలి అక్కడ. మేస్త్రీ ఏ రంగుదీ అని అరుస్తారు. ఏమని చెప్పాలి అప్పుడు? వదినా ఒక్కదానివే పక్కకి రా అంటే మిగతావాళ్లకి అర్థం కాదూ? నిచ్చెనకి ఇంట్లో మంచంమీద మనిషి ఉన్నాడు, బుడ్డికి నెలలు నిండొస్తున్నాయి, వాళ్లు మటుకు మనుషులు కారా, వదినకొక్కదానికే చెప్పి వాళ్ల నోట్లో మట్టి కొడితే సారుకీ తనకీ తేడా ఏమిటి. అందరికీ చెప్పేస్తే? చెప్పేస్తే లైను ఆగిపోతుంది, సారు అక్కడే తిరుగుతుంటాడు, ఎవడు చెప్పాడంటాడు, ఆ సేల్సాయన నేనన్లేదంటాడు. పైగా నిజమని ఏమిటి రుజువు? ఆయన వేరే షెడ్డు సంగతి చెబుతున్నాడేమో, గ్లాసుల లైన్లు లోకంలో మనదొక్కటేనా, సరిగ్గా తెలీదనుకోండి అని ఆయనే అన్నాడు కదా. అన్నాడు. అన్నప్పుడు ఆయన కళ్లెక్కడున్నాయి? నేల మీద. ఛీ, ఎందుకిలా పీచుపీచుగా ఆలోచిస్తావు, ఒక్క మాట, వదినా ఆ బిస్కెట్లవాళ్లకి సరేనను, అంతే, ఎందుకని అడిగితే తర్వాత చెబుతానను, నాలుగు మాటలు, దానికింత సేపా. ట్రయల్ అవనీ. ట్రయల్ అయ్యాక ఆయన్ని మళ్లీ ఒకసారి సూటిగా అడిగి, రూఢి చేసుకుని, అప్పుడు చేద్దాం. ఇదొక దిక్కుమాలిన అలవాటు తనకి. అన్నయ్యకి ఛాతీలో నొప్పి అన్న రోజు కూడా ఇలాగే, షిఫ్టు అయ్యాక డాక్టరు దగ్గరికి తీసుకెళదాం అనుకున్నాడు. ఆ సంగతి ఇప్పుడు గుర్తు రాకుండా ఉంటే ఎంత బావుండేది.

టన్నెల్లోంచి సన్నగా వేడిగాలి హోరు మొదలైంది, ఎర్రదీపం ఆరి పచ్చదీపం వెలిగింది. సేల్సాయన వచ్చాడు, ఈసారి చాలా మర్యాదగా, ఒంట్లో బాగోలేనివాడి మంచం దగ్గరికొచ్చినట్టు. "ఏ మిషన్ మీద చేద్దాం?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్న నోటి చివరిదాకా వచ్చి, నోరు తెరిస్తే, "ఆ ఎడమ పెడల్ది," అని వచ్చింది. ఎందుకొచ్చిందో. పెట్టె విప్పి గ్లాసుల్ని అట్ట మీద పేర్చాడు, ప్రతి రోజూ చూసే వరసే, చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. సేల్సాయన ఫిల్మ్ కప్పి పెడల్ తొక్కాడు, చిన్న పొగ, కాలిన వాసన, అతుకు వెంట్రుకవాసి సన్నగా పడింది. చక్కటి అతుకు. పాత మిషన్ మీద ఇలాంటి అతుకు వేయడానికి వదిన ఊపిరి బిగబట్టి తొక్కుతుంది. బెల్టు మీద పెట్టాడు, ప్యాకు నెమ్మదిగా టన్నెల్ వైపు కదిలింది. ఈలోగా మేస్త్రి జేబులోంచి ఫిల్మ్ ముక్క తీశాడు. కొలవాలి కదా. పెట్టి చూడు అంది కదా. ఒక కొస బూటు కింద తొక్కిపట్టి బల్ల అంచు దాకా లాగుతుంటే, సేల్సాయనకి పాపం ఉండబట్టలేదు, మెల్లిగా అన్నాడు: "మేస్త్రిగారూ, ఇందాక నేను అలా అనకుండా ఉండాల్సింది. కానీ నిజమే. కాగితాలు కూడా అయిపోయాయి. మీకు చెప్పారనే అనుకున్నాను."

చేతిలోంచి జారింది ముక్క. జారిందో, తనే బెల్టు మీద పెట్టాడో, ఆ క్షణంలో చేతులెక్కడున్నాయో తనకే తెలీదు. తమాయించుకుని తలెత్తేసరికి గ్లాసుల ప్యాకు టన్నెల్ లోపలికి పోయింది, దాని వెనకే ఆ ముళ్ల ఫిల్మ్ కూడా, పాములా బెల్టు మీద జరుగుతూ, నిచ్చెన, బుడ్డి, వదిన. అయ్యయ్యో అన్నాడు, చెయ్యి చాపాడు, చురుక్కుమని బుగ్గ కాలింది, అన్నయ్య చెప్పిన కొలత ప్రకారం వేడి కాస్త ఎక్కువే. వేడికి ముడుచుకుపోయే ఫిల్ముతో కొలతలు తీసుకుని దాన్ని వేడి మిషన్ దగ్గరికే పంపించారు, తెల్లారి లేస్తే దాంతోనే బతికేవాళ్లు, ఇంతమందిలో ఒక్కళ్లకి తట్టలేదు, మేస్త్రికి కూడా. అవతలి వైపునుంచి ముందు గ్లాసులు వచ్చాయి, ఫిల్మ్ బిగుతుగా, ముడత లేకుండా, మెరుస్తూ, చూడ్డానికి రెండు కళ్లూ చాలనంత బాగా. దాని వెనక చిటికెన వేలంత ఉండలా ముడుచుకుపోయి కొలత. చేతిలోకి తీసుకున్నాడు, ఇంకా వేడిగా ఉంది. ముళ్లన్నీ ఒకదాన్లో ఒకటి కరిగి కలిసిపోయాయి, ఏది ఎవరిదో తెలీడం లేదు. రెండు ముళ్లు పక్కపక్కన ఉన్నది ఎక్కడా లేదు.

అప్పుడు చేశాడు ఫోను, ఆ ఉండ గుప్పిట్లోనే ఉండగా, ఇంకొక్క క్షణం ఆగితే ఎప్పటికీ చేయలేననిపించి. చెప్పేద్దామనే చేశాడు. ఒట్టు, చెప్పేద్దామనే. బుడ్డే తీసింది, అనుకున్నట్టే స్పీకరు పెట్టింది, అనుకున్నట్టే గోల. మేస్త్రీ ఏ రంగుదీ! వదినని పిలు, అన్నాడు. పిలవక్కర్లేదు, ఇక్కడే ఉన్నా, అంది వదిన, ఆ గోలలోంచి, ఎన్నేళ్లకో ఆవిడ గొంతు అంత తేలిగ్గా వినబడింది.

"వదినా, ఆ బిస్కెట్లవాళ్లకి..."

"ఆ, వచ్చి వెళ్లాడులే ఇప్పుడే. రానని చెప్పేశా. మా మరిది మిషన్ తేవడానికి వెళ్లాడు, ఎడంకాలి పెడల్ది తెస్తాడు, నాకెందుకయ్యా నీ బిస్కెట్లు అన్నా. గేటు దగ్గరే పని కోసం ఇంకో అమ్మాయి నిలబడి ఉంది, పాపం, ఆ అమ్మాయిని తీసుకెళ్లాడు. చిన్న పిల్ల, ఎంత సంతోషించిందో. ఇంతకీ కొలత పెట్టి చూశావా, నా మోచేతికి వచ్చిందా బల్ల?"

సేల్సాయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అవతల వినడానికి పాత మిషన్ కూడా ఆపేసినట్టున్నారు, దాని రొద లేదు. చెప్పు, చెప్పు, చెప్పు, అని మేస్త్రి లోపల ఎవరో తలుపులు బాదుతున్నారు. ఇప్పుడు చెబితే ఏమొస్తుంది. చెప్పకపోతే నెలాఖరు దాకా ఆవిడ ఇదే గొంతుతో మాట్లాడుతుంది. గుప్పిట విప్పి చూసుకున్నాడు. మళ్లీ మూశాడు.

"వచ్చింది వదినా," అన్నాడు. "సరిగ్గా వచ్చింది."

అక్కడ చప్పట్లు మొదలయ్యాయి. "చెప్పానా, రెండు ముళ్లు వేసుకోమని!" అంటోంది వదిన, ఎవరితోనో, నవ్వుతూ.